రెండో అంతస్తు దాకా మోయగలిగే బేస్ బాక్స్

ప్రశ్న: అన్నా, నేను సైనిక్‌పురిలో ఉంటాను. ఆదివారాలు సికింద్రాబాద్‌లో మా చర్చిలో నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ వాయిస్తాను. నెలకు రెండు మూడు శనివారాలు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కెఫేల్లో ముగ్గురం కలిసి జాజ్ వాయిస్తాం, అక్కడ అప్‌రైట్ బేస్, మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద చెక్క వాద్యం. సీజన్‌లో రిసెప్షన్లు కూడా ఉంటాయి. నా దగ్గర నాలుగు పదంగుళాల స్పీకర్లున్న పాత బాక్స్ ఉంది, 38 కిలోలు. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. పోయిన నెల మెట్ల మీద నడుం పట్టేసింది, డాక్టర్ ఇక బరువులు ఎత్తొద్దన్నాడు. రెండు బేస్‌లకూ పనికొచ్చే తేలికైన బాక్స్ ఒకటి కొనాలి, ఒక్కటే కొనగలను. ఇంకో బాధ ఏంటంటే అప్‌రైట్ ఇందులో సన్నగా, రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది, బేస్ నాబ్ పెంచితే వెంటనే కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. తీగల కింది బ్రిడ్జి దగ్గర పెట్టే పీజో పిక్కప్ (చెక్క అదురుని సిగ్నల్‌గా మార్చే ముక్క), దాన్ని నేరుగా హెడ్‌లోకి, అంటే బాక్స్‌ని నడిపే విడి ఆంప్‌లోకి పెడతాను. హెడ్ క్లాస్ డీ (తేలికైన రకం ఆంప్), 4 ఓమ్స్ (బాక్స్ ఆంప్‌కి చూపే అడ్డు) మీద 500 వాట్లు. పదంగుళాలది కొనాలా, పన్నెండంగుళాలది కొనాలా? బయటి నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పాత బాక్స్ సంగతి చూద్దాం. దాన్ని చర్చిలోనే వదిలెయ్. పాస్టర్ గారినో, క్వయిర్ సామాను చూసుకునే వాళ్లనో అడిగి ఒక మూల తాళం వేసే జాగా సంపాదించు, ఆదివారం బేస్ గిటార్ ఒక భుజానికి, హెడ్ సంచి ఇంకో భుజానికి వేసుకుని వెళ్తే చాలు. నీ మోతలో సగం పైసా ఖర్చు లేకుండా ఈ వారమే పోతుంది. ఆఖరిసారి కిందికి దించేటప్పుడు మాత్రం చెయ్యి వెయ్యకు, ఇద్దరు కుర్రాళ్లను పిలువు. నడుం పట్టేసిన నెలకే మళ్లీ ఎత్తి, మంచం మీద మూడు వారాలు గడిపినవాణ్ని చెప్తున్నాను.

ఇక సన్నగా వస్తుందన్నావు చూడు, అది బాక్స్ తప్పు కాదు. కొత్త బాక్స్ కొన్నా అదే సన్నతనం దానిలోనూ వస్తుంది, అందుకే కొనే ముందే ఇది తేలాలి. పీజో పిక్కప్ మీ ఎలక్ట్రిక్ బేస్‌లోని మాగ్నెటిక్ పిక్కప్ లాంటిది కాదు, సర్క్యూట్‌లో అది ఒక కెపాసిటర్‌లా పనిచేస్తుంది. దాన్ని తక్కువ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఇన్‌పుట్ చూపే అడ్డు) ఉన్న ఇన్‌పుట్‌లో పెడితే ఆ రెండూ కలిసి కింది స్వరాలను కోసేసే ఫిల్టర్ అయిపోతాయి, స్పీకర్ దాకా వచ్చేది పైన మిగిలిన టకటక మాత్రమే. పీజోకి కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది, పీజో కోసమే చేసిన ప్రీఆంపుల్లో (ఆంప్‌కి ముందు పెట్టే చిన్న పెట్టెలు) కొన్ని 10 మెగాఓమ్‌ల దాకా ఇస్తాయి. నీ హెడ్ మాన్యువల్‌లో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో చూడు. అక్కడ పోయిన బేస్‌ని నువ్వు నాబ్ తిప్పి వెనక్కి తెచ్చుకోవాలని చూస్తున్నావు, ఆ నాబ్ పెంచేది సరిగ్గా అప్‌రైట్ ఒళ్లు ఊగే ఫ్రీక్వెన్సీలనే కాబట్టి కూత వస్తుంది. రెండు జబ్బులకూ మూలం ఒకటే.

నేను ఇదే జబ్బుతో రెండు బాక్సులు మార్చాను. మొదటిది అమ్మి పెద్దది కొన్నాను, అదీ సన్నగానే. ఒక రికార్డింగ్‌లో సౌండ్ చూసే అతను ఏమీ మాట్లాడకుండా నా వైర్ పీకి, మధ్యలో అరచేతిలో పట్టేంత ప్రీఆంప్ పెట్టి మళ్లీ వాయించమన్నాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి నా బేస్ గొంతే అంత అనుకున్నాను నేను. ఆ రోజు ఇంటికొచ్చాక రాత్రి రెండింటి దాకా వాయిస్తూ కూర్చున్నాను.

అందుకని నీ డబ్బులో మొదటి వాటా ప్రీఆంప్‌కి తియ్యి. అందులో మూడు ఉండాలి. పీజోకి సరిపడా ఇన్‌పుట్ ఒకటి. సిగ్నల్‌ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ రెండోది, కూత మొదలైనప్పుడు అది ఇటూ అటూ మార్చి చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది. మూడోది ఒక గీత కంటే కింద ఉన్నవి కోసేసే హై పాస్ ఫిల్టర్, తేలికైన బాక్స్ కొనేవాడికి ఇది నిజంగా ప్రాణం. ఎందుకంటే నీ బేస్‌లో అన్నిటికంటే మందమైన E తీగ మూలస్వరం 41 హెర్ట్జ్, అంతకంటే కింద సంగీతం ఏమీ లేదు, కానీ అప్‌రైట్ పిక్కప్ నుంచి చెయ్యి తగిలిన దెబ్బ, స్టేజీ మీద ఎవరో నడిచిన అదురు, అన్నీ ఆ కింది నుంచే వస్తాయి. గాలి కోసం పోర్ట్ అనే రంధ్రం ఉన్న బాక్స్‌లో ఆ పోర్ట్ ట్యూనింగ్ కంటే కిందికి పోతే స్పీకర్ కోన్‌ని పట్టి ఉంచే గాలి ఉండదు, ఊరికే ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, నీకు వినపడేది ఏమీ ఉండదు గానీ ఆంప్ శక్తీ స్పీకర్ ఓపికా రెండూ అక్కడే ఖర్చవుతాయి. ఆ చెత్తని 40 దగ్గర కోసేస్తే చిన్న బాక్స్ కూడా ఇంకాస్త గట్టిగా, శుభ్రంగా పలుకుతుంది. గదిలో గుమ్ముమని మోగుతుంటే అప్‌రైట్‌కి 50, 60 దాకా కూడా కొయ్యొచ్చు, ఏదో పోయిందని ఎవరికీ అనిపించదు.

ఇప్పుడు బాక్స్. తేలిక ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే నీకు అమ్మేవాళ్ల మాటలు సులభంగా తూకం వెయ్యొచ్చు. ఒకటి మాగ్నెట్. పాత స్పీకర్లలో ఫెరైట్ మాగ్నెట్, రొట్టెంత వెడల్పు, ఇటుకంత బరువు. 1980ల మొదట్లో వచ్చిన నియోడిమియం మాగ్నెట్ చిన్న ముక్కతోనే అంత బలం ఇస్తుంది. నీ పాత బాక్స్‌లో అలాంటి ఫెరైట్ ముక్కలు నాలుగు ఉండి ఉంటాయి, బరువులో పెద్ద వాటా వాటిదే. రెండోది చెక్క. ఎమ్‌డీఎఫ్ అన్నిటికంటే బరువు, బర్చ్ ప్లై కొంచెం తక్కువ, పాప్లర్ ప్లై బాగా తేలిక. పల్చటి తేలిక ప్లై వాడి లోపల అడ్డకర్రలు సరిగ్గా వేస్తే మందపాటి చెక్క ఉన్నంత గట్టిగా ఉంటుంది. వెయ్యకపోతే పక్కలు స్పీకర్‌తో పాటు పాడతాయి, అప్‌రైట్‌లో అది ఇంకా చెడ్డగా తెలుస్తుంది. బాక్స్ పక్కన వేలితో కొట్టి చూడు, డొల్లగా మోగకూడదు.

మూడోది బాక్స్ సైజు, మోసం జరిగే చోటు అదే. కేఎల్‌హెచ్ అనే అమెరికన్ స్పీకర్ కంపెనీని 1957లో పెట్టిన ముగ్గురిలో ఒకరు హాఫ్‌మన్, ఆయన పేరు మీద స్పీకర్లు చేసేవాళ్లందరికీ తెలిసిన ఉక్కు సూత్రం ఒకటుంది. చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ పవర్‌తోనే ఎక్కువ సౌండ్, ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి. అదే సౌండుతో ఒక ఆక్టేవ్ కిందికి పోవాలంటే బాక్స్ లోపలి జాగా ఎనిమిది రెట్లు కావాలి. ఎవరైనా చంకలో పట్టే బాక్స్ చూపించి 35 హెర్ట్జ్ దాకా దడదడలాడిస్తుందంటే, ఆ 35 దగ్గర సౌండ్ ఎన్ని డెసిబెల్స్ పడిపోయిందో అడుగు. పడిపోతుంది, పడినా పర్వాలేదు. 41 అసలు స్వరం బలహీనంగా ఉన్నా దాని పై వరస 82, 123 బాగా వినపడితే మన చెవే కింది స్వరాన్ని పూర్తి చేసుకుంటుంది. కెఫేలో జనం విని తలాడించేది ఆ 80 నుంచి 500 దాకా ఉన్న ముక్కకే.

కాబట్టి లోతు కోసం పాకులాడకు, మిడ్ (మధ్య స్వరాలు) నిజాయితీగా పలికే బాక్స్ వెతుకు. రెండు బేస్‌ల కోసం ఒకటే కొంటున్నప్పుడు అప్‌రైట్‌కి నచ్చింది కొనాలి, ఎలక్ట్రిక్ దానిలో ఎలాగూ బాగుంటుంది. తిరగేస్తే పని చెయ్యదు. ఎలక్ట్రిక్ కోసం చేసిన కొన్ని బాక్సులు కింద కొంచెం ఉబ్బి, మధ్యలో పల్లంగా, పైన మళ్లీ మెరిసేట్టు చేసి ఉంటాయి, షాపులో బొటనవేలితో తీగ మీద స్లాప్ కొడితే అద్భుతంగా ఉంటుంది. అదే బాక్స్‌లో అప్‌రైట్ పెడితే కింది ఉబ్బు కూతకి కారణమవుతుంది, మధ్య పల్లంలో చెక్క గొంతు మాయమవుతుంది, పైన తీగ గీరిన చప్పుడు మిగుల్తుంది. ఈ రెండు బేస్‌ల సంసారం కొత్తదేమీ కాదు, ఆంపెగ్ అనే ఆంప్ కంపెనీ పేరే అప్‌రైట్ నుంచి వచ్చింది, 1940ల్లో కింద నేలకి ఆనించే పెగ్‌లో మైక్ పెట్టి ఆంప్లిఫై చేసేవాళ్లు కాబట్టి ఆ పేరు. తర్వాత అదే కంపెనీ ఎనిమిది పదంగుళాల స్పీకర్లతో అరవై కిలోలు దాటే బాక్స్ చేసింది, దాని జోలికి మనం పోవద్దు.

పదా, పన్నెండా? నీ పనికి నేను ఒక్క పన్నెండంగుళాలది అంటాను. కోన్ సైజు ఒక్కదాన్ని బట్టి లోతు రాదు, మంచి పది చెడ్డ పదిహేనుని ఓడించగలదు, కానీ డ్రమ్స్ పక్కన ఒకే ఒక్క పది చాలదు, గాలి సరిపోదు. రెండు పదులది కూడా బాగుంటుంది, అయితే దాన్ని నిలువుగా నిలబెట్టాలి, అడ్డంగా పెడితే పక్కన ఉన్న పియానో అతనికి మిడ్ వినపడదు. పన్నెండుకీ ఒక బలహీనత ఉంది, 1000 హెర్ట్జ్ అల పొడవు సుమారు 34 సెంటీమీటర్లు, పన్నెండంగుళాల కోన్ 30, అక్కణ్నుంచి పైకి సౌండ్ టార్చిలైట్‌లా ఎదురుగా మాత్రమే పోతుంది. అందుకే అప్‌రైట్ వాయించేవాళ్లు చాలామంది పన్నెండుతో పాటు చిన్న మిడ్ స్పీకర్లున్న బాక్సులు ఇష్టపడతారు. జెంజ్లర్ వాళ్ల బేస్ అరే వరస ఇలాంటిదే, ఒక పెద్ద స్పీకర్, పక్కన నాలుగు బుల్లి స్పీకర్ల నిలువు వరస. ఫిల్ జోన్స్ బాక్సులు ఇంకో దారి, ఎక్కువగా ఐదంగుళాల బుల్లి స్పీకర్లే, అప్‌రైట్ చాలా సహజంగా ఉంటుంది, గట్టి డ్రమ్మర్ పక్కన మాత్రం చిన్నవి అలిసిపోతాయి. మామూలు పన్నెండు, ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) ఉన్నవాటిలో ఆగిలార్ ఎస్‌ఎల్ 112 బరువు 11.3 కిలోలు, 250 వాట్లు, నీలాంటి వాళ్లకి కొలబద్దగా పెట్టుకోవడానికి బాగుంటుంది. ఇటలీ మార్క్‌బేస్‌లో కూడా ఒక్క పన్నెండువి ఉన్నాయి. ఎక్కడ ఏది దొరుకుతుందో నెలనెలా మారుతుంది, ఫోన్ చేసి కనుక్కునే బయలుదేరు. నేను గీసే గీత 12 కిలోలు, అంతకు మించి బరువున్నది ఎంత బాగున్నా నువ్వు కొనొద్దు.

ఇవేవీ అందుబాటులో లేకపోతే ఫెండర్ రంబుల్ 100 అనే కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో) ఒకటుంది, పన్నెండంగుళాల స్పీకర్, 100 వాట్లు, పది కిలోలే. ఎలక్ట్రిక్‌కి చిన్న చోట్ల హాయిగా సరిపోతుంది. అప్‌రైట్‌కి ముందు ప్రీఆంప్ పెడితే కెఫే దాకా నడుస్తుంది, రిసెప్షన్‌కి చాలదు. నీ దగ్గర మంచి హెడ్ ఉంది కాబట్టి నీకిది మొదటి సలహా కాదు.

వాట్ల గురించి బెంగపడకు. 250 నుంచి 500 వాట్లకి పోతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. బాక్స్ సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె) 94 నుంచి 97 అయినా అదే 3 వస్తుంది, ఆ అంకె చూడు. 8 ఓమ్స్‌ది కొను, 4 ఓమ్స్‌ది వద్దు. ఒక్క 8 ఓమ్స్ బాక్స్ మీద నీ హెడ్ ఇచ్చేది సగానికి కాస్త అటూ ఇటూ, కెఫేకి అది ఎక్కువే. రేపు డబ్బు సమకూరితే అచ్చంగా అలాంటిదే ఇంకొకటి కొని పైన నిలబెట్టు, రెండు కలిస్తే 4 ఓమ్స్, హెడ్ తన పూర్తి శక్తి ఇస్తుంది, కోన్ కూడా రెట్టింపు, మెట్లెక్కేటప్పుడు ఒక్కో చేతికి ఒక్కోటి. పాత బాక్స్ 4 ఓమ్స్ అయితే దాన్ని కొత్తదానితో ఎప్పుడూ కలిపి పెట్టొద్దు, 2.7 ఓమ్స్‌కి పడిపోతుంది, 4కి తగ్గకూడదని రాసి ఉన్న హెడ్‌కి అది ప్రమాదం. వెనక అంటించిన కాగితం చూసుకో.

చూడ్డానికి వెళ్లేటప్పుడు అప్‌రైట్ తీసుకెళ్లు. కష్టమే, తెలుసు, కానీ షాపులో వేలాడే ఎలక్ట్రిక్ బేస్‌తో చూసి అప్‌రైట్ కోసం బాక్స్ కొన్నవాడు పశ్చాత్తాపపడటం చాలాసార్లు చూశాను. మీ డ్రమ్మర్‌ని వెంట తీసుకెళ్లు. ఈక్యూ (బేస్, ట్రెబుల్ నాబ్‌లు) అంతా మధ్యలో పెట్టి ఆ మందపాటి E తీగ మీద నుంచి ఒక్కో స్వరం నెమ్మదిగా పైకి వాయించు, ఎక్కడైనా ఒక్క స్వరం మాత్రం గబుక్కున ఉబ్బితే రాసుకో, గది మూల నుంచి బాక్స్ జరిపి మళ్లీ వాయించు, అప్పటికీ అదే ఉబ్బితే బాక్స్ దోషం. తర్వాత విల్లుతో వాయించు. విల్లు ఏదీ దాచదు, ట్వీటర్ గరగర ఉంటే మొదటి పదిహేను సెకన్లలో బయటపడుతుంది. ట్వీటర్ తగ్గించే నాబ్ వెనకాల కచ్చితంగా ఉండాలి, అప్‌రైట్‌కి దాదాపు మూసేస్తావు, ఆదివారం ఎలక్ట్రిక్‌కి కొంచెం తెరుస్తావు. ఆ తర్వాత డ్రమ్మర్ చేత వాయింపించి, నువ్వు నాలుగు మీటర్ల దూరంలో ఎదురుగా, ఆపైన పక్కగా నిలబడి విను. చివరికి బాక్స్ ఒంటి చేత్తో ఎత్తి షాపు మెట్లు ఎక్కి దిగు. హ్యాండిల్ పైన మధ్యలో ఉందా, ఎత్తినప్పుడు కాలికి కొట్టుకుంటుందా, ఇవి బ్రోచర్లో ఉండవు.

టేపు కూడా పట్టుకెళ్లు. కారులో ముందు సీటు వాల్చి అప్‌రైట్ పడుకోబెట్టాక నీకు మిగిలేది డ్రైవర్ వెనక సీటు ఒక్కటే, ఆ తలుపులోంచి బాక్స్ దూరాలి. ఇంట్లోనే కొలుచుకుని వెళ్లు.

బయటి నుంచి తెప్పించడం గురించి. బాక్స్‌లో కరెంటు లేదు కాబట్టి 120, 230 వోల్టుల గొడవ దానికి లేదు, ఆ భయం హెడ్‌లకీ కాంబోలకీ. కానీ వాయించి చూడకుండా కొంటున్నావు, రవాణా ఖర్చూ కస్టమ్సూ కట్టాలి, స్పీకర్ పోతే వారంటీ కోసం మళ్లీ అంత దూరం పంపాలి. ఆ మోడల్‌ని ఎవరి దగ్గరైనా ఒకసారి విన్నాక, ఇక్కడ అసలు దొరకదని తేలితేనే తెప్పించు. ఇక్కడే కార్పెంటర్‌తో చేయిస్తానంటే అదీ తప్పు కాదు, అయితే నియోడిమియం స్పీకర్ ముందు కొని, దాని థీల్ స్మాల్ అంకెల (స్పీకర్‌తో ఇచ్చే కొలతలు) ప్రకారం లోపలి జాగా, పోర్ట్ పొడవు లెక్కగట్టి ఆ లెక్కకే చేయించాలి. కనపడిన డబ్బాలో కనపడిన స్పీకర్ బిగిస్తే నీ స్వరం ఒకటి ఉబ్బి నాలుగు చస్తాయి. హెడ్‌కీ బాక్స్‌కీ కలిపే స్పీకాన్ వైర్లు, జాక్‌ల కోసం మాత్రం కోఠి గుజరాతీ గల్లీకి పోతే ఒక గంటలో పనైపోతుంది.

రిసెప్షన్ స్టేజీల గురించి ఒక మాట, నీ కూతలో కొంత వాటా వాటిదే కావచ్చు. ఇనుప బల్లల మీద ప్లై పరిచి ఎర్ర కార్పెట్ వేసిన స్టేజీ మొత్తం ఒక పెద్ద డోలు. బాక్స్ దాని మీద పెడితే అది మోగుతుంది, ఆ మోత నీ అప్‌రైట్ పెగ్‌లోంచి ఎక్కి మళ్లీ పిక్కప్‌కి చేరుతుంది. బాక్స్‌ని ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టు, పెగ్ కింద మందపాటి రబ్బరు ముక్క వెయ్యి, బాక్స్ మొహం నీ బేస్ ముందు పలకకి తగలకుండా ఒక పక్కకి తిప్పు. అలాంటి చోట జనానికి సౌండ్ ఇచ్చేది నీ బాక్స్ కాదు, ప్రీఆంప్ నుంచి డీఐ వైర్ సౌండ్ వాళ్ల మిక్సర్‌కి ఇచ్చెయ్, నీ బాక్స్ నీకూ డ్రమ్మర్‌కీ వినపడితే చాలు. బాక్స్ చిన్నదని అక్కడ మొహమాటపడకు.

వరస ఇలా పెట్టుకో. ఈ ఆదివారం పాత బాక్స్ చర్చికి. తర్వాత ప్రీఆంప్ ఎవరి దగ్గరైనా ఒక రోజుకి అడిగి తెచ్చుకుని, ఆ పాత బాక్స్‌లోనే అప్‌రైట్ పెట్టి విను. ఆ గొంతు విన్నాక కొత్త బాక్స్‌లో ఏం వెతకాలో నీ చెవికే తెలుస్తుంది. నీ పిక్కప్ ఏ కంపెనీదో, బాక్స్ వెనక ఎన్ని ఓమ్స్ రాసి ఉందో నాకు రాయి, ఏ రెండు మోడళ్లు ముందు వినాలో అప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.